గొంతు గాయకుడిది, అచ్చు కంపెనీది
(తీరం వెంట పాట: 11వ భాగం)

నాటక పద్యం గ్రామఫోన్ రికార్డులోకి ఎలా ఒదిగిందో గత భాగాల్లో చూశాం. ఈసారి ఆ రికార్డుల వెనకున్న ఒప్పందాల సంగతి. పేరున్న గాయకుడు ఒక కంపెనీని వదిలి మరో కంపెనీకి పాడితే శ్రోతలు, పత్రికలు ఒకటే అడుగుతారు: కొత్త పాటలు పాతవాటి కంటే బాగున్నాయా? ఆ ప్రశ్న ఆ సంవత్సరానికి సరిపోతుంది. యాభై ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసేవాడు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి. వదిలేసి వచ్చిన కంపెనీ దగ్గర ఉండిపోయిన పాటలు ఏమయ్యాయి? కంపెనీ మారడం వల్ల గాయకుడి ముందు దారి ఎంత మారుతుందో చెప్పలేం. అతని వెనక ఏ పాట మిగులుతుంది, ఏది మాయమవుతుంది అన్నది మాత్రం చాలావరకు అక్కడే తేలిపోతుందని నా వాదన. తెలుగు రికార్డుల చరిత్రా, అమెరికా పల్లెపాటల చరిత్రా ఇదే చెబుతున్నాయి.

ముందు రికార్డు ఎలా తయారయ్యేదో దగ్గరగా చూడాలి. గాయకుడి ఎదుట మైనపు పలక తిరిగేది. పాట కదలికను సూది దాని మీద గాడిగా గీసేది. ఆ మైనం మీద లోహపు పూత పెట్టి అచ్చు తీసేవారు. ఆ అచ్చు నుంచి మరికొన్ని అచ్చులు తీసి, లక్క, రాతిపొడి, మసి కలిపిన ముద్దను వాటి మధ్య నొక్కితే నల్లటి పళ్లెం వచ్చేది. పది అంగుళాల పళ్లెంలో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట. మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం మీద కంపెనీ గుర్తు, పాట పేరు, గాయకుడి పేరు ఉండేవి. ఆ కాగితానికీ గాడి చివరకీ మధ్యనున్న నున్నటి చోట సన్నగా ఒక అంకె చెక్కి ఉండేది. ఏ మైనపు పలక నుంచి ఈ పళ్లెం పుట్టిందో చెప్పే గుర్తు అది. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు అచ్చు వేయడానికి జర్మనీలోని హానోవర్‌కు పంపాల్సి వచ్చింది. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ వచ్చాక ఆ పని అక్కడే జరిగింది. మద్రాసులో పాడిన పాట కలకత్తాలో పళ్లెమై, మళ్లీ దక్షిణాది అంగళ్లకు వచ్చేది. ఈ ప్రయాణమంతటిలో గాయకుడి చేతికి వచ్చేది పాడినందుకు ఇచ్చిన డబ్బు. లోహపు అచ్చు కంపెనీ గిడ్డంగిలో ఉండేది. అచ్చు ఎవరి దగ్గరుంటే పాట ఆయుష్షు వాళ్ల చేతుల్లో ఉన్నట్టే.

ఇప్పుడు మన వాళ్ల దగ్గరికి వద్దాం. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు బాలుడిగా ఉండగానే హచిన్స్ కంపెనీకి పాడాడు. తర్వాత ‘శ్రీకృష్ణ లీలలు’ సినిమాలో నటించి, కలకత్తా వెళ్లి అక్కడి సంగీతం విని, మద్రాసు చేరాడు. ఆ తర్వాత హెచ్.ఎం.వి.కి పాడిన లలితగీతాలే అతన్ని తెలుగువాళ్ల ఇళ్లలోకి తీసుకెళ్లాయి. ‘చల్లగాలిలో యమునాతటిపై’, ‘పాట పాడుమా కృష్ణా’ ఆ కాలపువే. ఆయనతో కలిసి యుగళగీతాలు పాడిన రావు బాలసరస్వతీ దేవి మన ప్రాంతపు ఆడపడుచు. 1928లో వెంకటగిరిలో పుట్టింది. చిన్నపిల్లగానే రికార్డు ఇచ్చింది, బాలనటిగా తమిళ, తెలుగు సినిమాల్లో కనిపించింది, 1940లో ‘ఇల్లాలు’లో రాజేశ్వరరావుతో కలిసి నటించింది, 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’లో కమలా కొట్నీస్‌కు గొంతిచ్చి తెలుగు సినిమాలో నేపథ్యగానానికి తొలి అడుగు వేసింది. 1944లో కోలంక రాజావారిని పెళ్లాడింది. ఆ తర్వాత ఆమె పాడిన పాటలు తగ్గిపోయాయి. 2025 అక్టోబరులో కన్నుమూసే నాటికి ఆమె వయసు 97. అంత సుదీర్ఘ జీవితంలో ఆమె గొంతు రికార్డుల మీద నిలిచిన కాలం ఎంత తక్కువో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

రాజేశ్వరరావు కంపెనీ మారాకే కొత్త పాట పుట్టింది కదా, అది కంపెనీ గొప్పతనమే కదా అని ఎవరైనా అనవచ్చు. నేను ఒప్పుకోను. హచిన్స్‌కు పాడినవాడు గొంతు మారని పిల్లవాడు. హెచ్.ఎం.వి.కి పాడినవాడు పంకజ్ మల్లిక్, సైగల్ వంటి గాయకుల పాటలను కలకత్తాలో దగ్గరగా విన్న యువకుడు. ఆ రెండింటి మధ్య జరిగిన మార్పు వయసుది, వినికిడిది, ఆయన ప్రతిభది. పద్యం లాగి పాడే నాటక పద్ధతి నుంచి మూడు నిమిషాల్లో ఒక భావాన్ని మెత్తగా చెప్పే లలితగీతానికి రావడం ఏ కంపెనీ మేనేజరూ ఆజ్ఞాపించి తెప్పించగలిగేది కాదు. కంపెనీ చేసిన పని వేరే ఉంది. హెచ్.ఎం.వి. బతికి బట్టకట్టింది. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియాగా కొనసాగి, 2000లో సరిగమ అని పేరు మార్చుకుని, పాత అచ్చుల నుంచి క్యాసెట్లు, సీడీలు తీసింది. 2017 నుంచి కార్వాన్ అనే పెట్టెల్లో కూడా పాత పాటలు పోసి అమ్మింది. హచిన్స్ పేరు ఈనాటి శ్రోతకు తెలియనే తెలియదు. అందుకే యువకుడైన రాజేశ్వరరావు ఫోనులో సులువుగా దొరుకుతాడు. బాలుడైన రాజేశ్వరరావును వినాలంటే పాత రికార్డులు పోగుచేసేవాళ్ల ఇంటి తలుపు తట్టాలి. గొంతు ఒక్కటే, మనిషి ఒక్కడే. ఏ కంపెనీ గిడ్డంగిలో ఏ పాట ఉండిపోయిందన్న ఒక్క తేడాతో సగం వెలుగులోకి వచ్చింది, సగం చీకట్లో పడింది.

ఆ రోజుల్లో కంపెనీలు పేరుకే వేరు, అన్నీ ఒక్కరివే అన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. అందులో చాలా నిజం ఉంది. ఓడియన్, పార్లోఫోన్ గుర్తులున్న లిండ్‌స్ట్రోమ్ కంపెనీని 1926లోనే కొలంబియా కొనేసింది. 1931లో కొలంబియా, హెచ్.ఎం.వి. కలిసి ఇ.ఎం.ఐ. అయ్యాయి. ఏ.వి. మెయ్యప్పన్ మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పెట్టి ఓడియన్ రికార్డులు అమ్మిన రోజుల్లో, ఓడియన్ నుంచి కొలంబియాకు మారిన గాయకుడు ఒకే యజమాని ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచినట్టే. అయినా ఇది నా వాదనను కొట్టేయదు, ఇంకా బిగిస్తుంది. ఒకే యజమాని గొడుగు కింద ఉన్న గుర్తులకు పాడినవాళ్ల పాటలు ఒకే చోట చేరి నిలవడానికి అవకాశం ఎక్కువ. ఆ గొడుగు బయట పాడినవాళ్లకు ఆ అవకాశం లేదు. గాయకుడు ఎంత గొప్పవాడన్నది ఈ లెక్కలోకి రాదు. ప్రతిభకు సంబంధం లేని ఒక వ్యాపార విలీనం, లండన్‌లో జరిగిన ఒక సంతకం, కోస్తాలో పాడిన పాట మిగలాలో పోవాలో తేల్చింది. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు తాళపత్రాలు ఏ భాండాగారానికి చేరాయో వెతుకుతారు. పాటల చరిత్ర రాసేటప్పుడు ఆ జాగ్రత్త మనం పాటించడం లేదు.

పాటను నిలబెట్టింది రేడియోయే గానీ కంపెనీ కాదని కూడా అంటారు. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలయ్యాయి. లలితసంగీతాన్ని ఊరూరా వినిపించిన ఘనత ఆకాశవాణిదే, దానికి సందేహం లేదు. వినిపించడం వేరు, దాచడం వేరు. తొలిరోజుల్లో గాయకులు స్టూడియోలో కూర్చుని నేరుగా పాడేవారు. ఆ పాట ఆ సాయంత్రం గాలిలో కలిసిపోయేది. దాచగలిగిన సాధనం ఆనాడు రికార్డే.

ఇదే కథను విశదంగా చూడాలంటే అమెరికా పల్లెపాట వైపు వెళ్లాలి. కంట్రీ సంగీతం అని వాళ్లు పిలుచుకునే ఆ సంప్రదాయంలో జానీ క్యాష్ పెద్ద పేరు. 1955లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ అతని తొలి రికార్డు తెచ్చింది. 1956లో ‘ఐ వాక్ ద లైన్’తో దేశమంతా తెలిసిపోయాడు. భక్తిగీతాలతో ఒక ఆల్బమ్ చేయాలని అతని కోరిక. యజమాని శామ్ ఫిలిప్స్ ఒప్పుకోలేదు. 1958లో క్యాష్ సన్‌ను వదిలి అమెరికాలోని కొలంబియా కంపెనీకి వెళ్లాడు. ఆ ఏడే కొత్త ఆల్బమ్, 1959లో తాను కోరుకున్న భక్తిగీతాల ఆల్బమ్ వచ్చాయి. ఇక్కడివరకూ చూస్తే కంపెనీ మార్పు గాయకుడికి స్వేచ్ఛ ఇచ్చిందనే అనిపిస్తుంది, ఇచ్చింది కూడా. అదే సమయంలో సన్ ఏం చేసిందో చూడండి. తన దగ్గర మిగిలిన పాత టేపులను తీసి, కొత్త అట్టలు వేసి, 1960, 1961, 1962లలో వరసగా క్యాష్ ఆల్బమ్‌లు అమ్మింది. కొలంబియా తెచ్చిన కొత్త క్యాష్, సన్ తెచ్చిన పాత క్యాష్ ఒకే అంగడిలో పక్కపక్కన నిలబడి పోటీ పడ్డారు. తన పాత గొంతు ఎప్పుడు, ఏ అట్టతో, ఏ వరసలో బయటికి రావాలో చెప్పే అధికారం అతనికి లేదు.

క్యాష్ కథ అక్కడ ఆగలేదు. 1986లో కొలంబియా అతన్ని వదిలించుకుంది. మెర్క్యురీ అనే కంపెనీకి మారి, 1988లో తన పాత పాటలనే మళ్లీ పాడి ఒక ఆల్బమ్ తెచ్చాడు. పాత రికార్డులు తనవి కానప్పుడు గాయకుడికి ఉన్న ఒకే ఒక్క దారి అది. ఆ ఆల్బమ్ పాతవాటి స్థానాన్ని ఆక్రమించలేకపోయింది. ‘ఐ వాక్ ద లైన్’ అనగానే ఇప్పటికీ వినిపించేది 1956 నాటి సన్ రికార్డే. తర్వాత రిక్ రూబిన్ నడిపిన అమెరికన్ అనే కంపెనీకి మారి, 1994లో గొంతూ గిటారూ తప్ప దాదాపు ఏమీ లేని ఆల్బమ్ చేశాడు. దానికి గ్రామీ పురస్కారం వచ్చింది. అరవై దాటిన గాయకుడికి అది పునర్జన్మ. కంపెనీ మారితే మంచి పాట రావచ్చని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నేను కాదనను. ఆ ఒక్క మనిషి జీవితం మూడు నాలుగు గిడ్డంగుల్లో ముక్కలై ఉందని, ఏ ముక్క మీదా అతని మాట పూర్తిగా చెల్లలేదని మాత్రం గుర్తుచేస్తున్నాను.

మన కాలంలో ఈ ముడిని విప్పి చూపింది టేలర్ స్విఫ్ట్. కంట్రీ గాయనిగా మొదలై బిగ్ మెషీన్ కంపెనీకి ఆరు ఆల్బమ్‌లు చేసింది. 2018 నవంబరులో యూనివర్సల్‌కు మారింది. 2019లో పాత కంపెనీ చేతులు మారడంతో ఆమె ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ టేపులూ కొత్త యజమానికి చేరాయి. 2021 నుంచి 2023 వరకు నాలుగు పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడి విడుదల చేసింది. క్యాష్‌కు సాధ్యం కానిది ఆమెకు సాధ్యమైంది. ఏది ఎవరి ఆస్తో తెలుసుకుని మరీ ఆమె శ్రోతలు కొత్త రికార్డునే ఎంచుకున్నారు. 2025 మేలో పాత మాస్టర్లను కూడా కొనుక్కుంది. మన గాయకులూ అలా చేయొచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. అక్కడొక తేడా ఉంది. ఆ పాటలు దాదాపు అన్నీ ఆమె ఒంటరిగానో ఇతరులతో కలిసో రాసుకున్నవి, కనుక మళ్లీ పాడడానికి దారి సులువైంది. మన సినిమా గాయకుడు రచయితా కాడు, స్వరకర్తా కాడు. గూడూరులో పాటల పోటీలో పాడి ఎస్. జానకి చేత శభాష్ అనిపించుకున్న కుర్రాడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. 1966లో తొలి సినిమా పాట పాడి వేల పాటలకు గొంతిచ్చిన ఆయనకే 2017లో అమెరికా పర్యటనలో ఇళయరాజా తరఫు నోటీసు అందింది. ఇళయరాజా స్వరపరిచిన పాటలను వేదిక మీద పాడడం ఆపేయాల్సి వచ్చింది. స్వరకర్త హక్కు న్యాయమైనదేనని నేననుకుంటాను. గొంతు ఇచ్చిన మనిషికి ఆ పాట మీద ఎంత తక్కువ మిగిలిందో కూడా అందులోనే కనిపిస్తుంది.

డబ్బు పెట్టి, స్టూడియో కట్టి, నష్టం భరించినది కంపెనీ, అచ్చు దానిదే కావాలి అని వ్యాపారులు అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. పది రికార్డులు వేస్తే ఒకటి రెండు మాత్రమే అమ్ముడుపోయే వ్యాపారం అది. పెట్టుబడికి ప్రతిఫలం ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం కూడా అదే ఒప్పుకుని రికార్డు మీద హక్కును నిర్మాతకే ఇచ్చింది. గాయకుడికి ప్రదర్శకుడిగా హక్కు 1994 సవరణ వచ్చేదాకా లేదు, రాయల్టీలో వాటా అన్న మాట 2012 సవరణతో గట్టిపడింది. అయితే హక్కుతో పాటు బాధ్యత కూడా రావాలి కదా. భూమి పట్టా ఉన్నవాడు శిస్తు కడతాడు. పాట మీద పట్టా ఉన్నవాడు దాన్ని భద్రంగా దాచాలని, అడిగినవాళ్లకు వినిపించాలని మన చట్టంలో నిబంధన లేదు. అమ్ముడుపోదనుకున్న పాటను మూలన పడేసే హక్కు కూడా హక్కుల్లో భాగమైపోయింది. నా ఫిర్యాదు అక్కడ.

జానపదం మాత్రం కంపెనీల దయ మీద బతకలేదు, నోటి నుంచి నోటికి వచ్చింది, కనుక ఈ గొడవ దానికి అంటదు అన్న మాట కూడా వినిపిస్తుంది. పాట బతికిందన్నంతవరకు నిజం. పాడిన మనిషి బతకలేదు. కాకినాడలో పుట్టిన వింజమూరి అనసూయాదేవి చిన్ననాడే రికార్డు ఇచ్చింది. చెల్లెలు సీతాదేవితో కలిసి పల్లెపాటను సభావేదికల మీదికి, రేడియోలోకి తెచ్చింది. 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మరణించినప్పుడు ఆమెను తలుచుకోవడానికి తెలుగువాళ్ల దగ్గర గొంతు ఉంది. పులికాట్ ఒడ్డున పాడిన యానాదుల విషయంలో అలా చెప్పగలమా? శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక అక్కడి యానాది కుటుంబాలు దీవి వదిలి బయటికి రావాల్సి వచ్చింది. ఊరు చెదిరితే పాట చెదురుతుంది. ఫలానా పాటను ఫలానా అవ్వ ఎలా ఎత్తుకునేదో, ఎక్కడ గొంతు తగ్గించేదో చెప్పగలిగే రికార్డు మన చేతిలో లేకపోతే మిగిలేది మాటలే. రాతికెక్కిన పేరు సంగతి వేరు. చిట్టమూరు మండలం మల్లాంలో పల్లవుల కాలం నాటి శాసనం ఒకటుంది. కంపవర్మ ఏలుబడిలో ఒక భక్తుడు దేవికి తన తలనే సమర్పించుకున్నాడని, అతని పేరిట భూమి ఇచ్చారని అది చెబుతుంది. అతని పేరు వెయ్యేళ్లు దాటాక కూడా చదవగలుగుతున్నాం. తొంభై ఏళ్ల కిందట ఇదే తీరంలో పాడినవాళ్ల పేర్లు చెప్పమంటే చెప్పలేకపోతున్నాం.

ఇప్పుడు పల్లెపాట పాడేవాళ్లు కంపెనీ బదులు ఛానల్ మారుతున్నారు. అనంతపురం జిల్లా తండాలో పుట్టిన మంగ్లీ టీవీ ఛానల్లో పేరు తెచ్చుకుని, తర్వాత మైక్ టీవీకి పాడి, ఆ తర్వాత సొంత యూట్యూబ్ ఛానల్ పెట్టుకుంది. కొత్త పాట తన గూట్లో ఉంటుంది, అది మంచి మార్పు. పాత పాట మాత్రం పాత ఛానల్ గూట్లోనే ఉంటుంది. హచిన్స్ నాటి సమస్య ఇంకా తీరలేదు.

ఒక మంచి విషయం ఉంది. 1930లు, 40లలో వెలువడిన రికార్డుల మీద కంపెనీల హక్కు గడువు ఏనాడో ముగిసింది. రికార్డు మీద హక్కు విడుదలైన తర్వాత అరవై ఏళ్లే. సాహిత్యానికీ బాణీకీ మాత్రం కర్త మరణించాక అరవై ఏళ్లదాకా హక్కు ఉంటుంది, దాన్ని గౌరవించాలి. అంటే ఆ పళ్లేలను వెతికి, శుభ్రం చేసి, ఒక ప్రతి తీసి దాచుకోవడానికి ఇప్పుడు పాత కంపెనీ అడ్డు లేదు. అడ్డల్లా పళ్లెం దొరక్కపోవడమే. చిట్టమూరు, కోట, వాకాడు, నాయుడుపేట, వెంకటగిరి వైపు పాత ఇళ్లలో గ్రామఫోన్ పెట్టె ఉన్నవాళ్లకు నా మనవి: అటక మీది నల్ల రికార్డులను పాత ఇనుము వాడికి ఇవ్వకండి. పళ్లేలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, నిలువుగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి. మధ్యనున్న కాగితం మీది కంపెనీ పేరు, గాయకుడి పేరు, కాగితం పక్కన చెక్కిన అంకె ఒక పుస్తకంలో రాసిపెట్టండి. హచిన్స్ గుర్తున్న పళ్లెం కనిపిస్తే పగిలి ఉన్నా పారేయకుండా ఈ పత్రికకు ఒక ఉత్తరం ముక్క రాయండి.